ఈస్టరు ఉదయాన తియ్యని రొట్టె
(మన ఇల్లు – మన వంట)





పోయిన నెల నస్రుల్లాబాద్ నుండి ఒక చెల్లి ఉత్తరం వ్రాసింది. ఆమె భర్త చాలా ఏండ్లు దుబాయిలో ఒక హోటలు వంటగదిలో పని చేసి, ఇప్పుడు ఇల్లు చేరుకొని పొలం చూసుకుంటున్నాడు. అక్కడ సెలవు దినాన పొద్దెక్కిన తర్వాత 'బ్రంచ్' అనే పెద్ద విందు ఉంటుందట. ఆ విందు కోసం రొట్టె ముక్కలను పాలు, గుడ్లు, చక్కెర కలిపిన దానిలో రాత్రే నానబెట్టి, తెల్లవారి ఓవెనులో కాల్చి పళ్లేలకు పళ్లేలు పెట్టేవారట. ఆయన ఆ సంగతి చెప్పినప్పటి నుండి పిల్లలు, ఈస్టరు పండుగకు అది చేయాలని వెంటపడుతున్నారు. మా ఇంట్లో ఓవెను లేదు, ఎట్లా చేయాలక్కా, అని ఆమె అడిగింది.

ఉత్తరం చివర ఆమె ఇంకొక మాట వ్రాసింది. పెండ్లయి 14 ఏండ్లయింది గానీ, ఒక్క ఈస్టరు నాడు కూడా తెల్లవారుజాము ఆరాధనకు పోలేదట. అందరూ గుడి నుండి తిరిగి వచ్చే సరికి పూరీలు, కూర వేడివేడిగా ఉండాలి గనుక, ఆమె పొయ్యి దగ్గరే ఉండిపోతుంది.

ఆమె అడిగిన ప్రశ్న వంట గూర్చి. చివరి మాటను ఆమె ప్రశ్నగా అడగలేదు. కానీ నాకు ఆ రెండింటికీ జవాబు ఒక్కటేనని తోచింది. అందుకే ఈ నెల ఈ శీర్షికలో ఆ తియ్యని రొట్టెను గూర్చే వ్రాస్తున్నాను.

మా అమ్మ కూడా అలాగే ఉండేది. చీకటితోనే మమ్మల్ని లేపి, స్నానం చేయించి, తెల్ల బట్టలు తొడిగి నాన్న వెంట పంపేది. మేము పాటలు పాడుకుంటూ సమాధుల తోట వైపు పోతుంటే, అమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి మళ్లీ లోపలికి పోయేది. పునరుత్థాన పాటలను ఆమె ఏటేటా పిండి కలుపుతూ కిటికీలో నుండే విన్నది. ఆమె కూడా రావాలని మాలో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే మనస్సు నొచ్చుకుంటుంది.

స్త్రీలు ముందుగా సిద్ధపరచుకొన్నారు

పునరుత్థాన దినాన సమాధి దగ్గరకు ముందుగా పోయింది ఎవరు? స్త్రీలే. లూకా సువార్త 23వ అధ్యాయము చివర, 24వ అధ్యాయము మొదట మరల ఒకసారి చదవండి. ఆ స్త్రీలు ప్రభువును సమాధి చేసిన చోటు చూసి, ఇంటికి తిరిగి వచ్చి, సుగంధ ద్రవ్యాలను, పరిమళ తైలాలను ముందే సిద్ధపరచారు. విశ్రాంతి దినాన ఆజ్ఞ ప్రకారం విశ్రమించారు. ఆదివారం ఇంకా చీకటి విడవకముందే, సిద్ధపరచిన వాటిని చేతబట్టుకొని బయలుదేరారు.

వారు ఆ పనిని ఆదివారం తెల్లవారుజాముకు వదలి ఉంటే, ఆ ఘడియలో సమాధి దగ్గర కాక ఇంట్లోనే ఉండేవారు. ముందుగా సిద్ధపడినందువల్లనే ఆ శుభవార్తను అందరికంటే ముందు వారు విన్నారు. అలాంటి దినాన మన సంఘాల్లో స్త్రీలే వెనుక ఉండిపోవడం తగునా?

మన ప్రాంతంలో దీనికి ఇంకొక కష్టం ఉంది. ఈస్టరు పండుగ ఏ ఏటికా యేడు మార్చి 22 మొదలు ఏప్రిల్ 25 లోపల వస్తుంది. మంజీరా నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద, బాన్సువాడ, నస్రుల్లాబాద్ వైపు యాసంగి వరి కోతకు వచ్చేది ఆ దినాల్లోనే. వడ్లు కల్లంలో ఆరబోసి, కుప్ప చేసి, పొద్దు మునిగాక ఇల్లు చేరిన తల్లికి శనివారం రాత్రి ఎంత ఓపిక మిగులుతుంది? కనుక మనం చేసే పండుగ ఫలహారం ముందు రోజు గంట పనితో సిద్ధం కావాలి, మరుసటి ఉదయం దాని పక్కన ఎవరూ నిలబడనవసరం లేకుండా ఉడకాలి. ఈ తియ్యని రొట్టెకు ఆ రెండు గుణాలూ ఉన్నాయి.

బ్రంచ్ అంటే మన సద్ది వేళే

'బ్రంచ్' అనేది ఇంగ్లీషులో ఉదయపు ఫలహారాన్ని, మధ్యాహ్న భోజనాన్ని కలిపి చేసిన మాట. 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషు రచయిత ఒక పత్రికలో ఈ మాటను గూర్చి వ్యాసం వ్రాశాడు. ఆదివారం గుడి నుండి రాగానే బరువైన మాంసపు భోజనం చేసే బదులు, పొద్దెక్కిన తర్వాత తేలికైన ఫలహారంతో మొదలుపెట్టాలని ఆయన సూచన. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా మేలుకున్నవారు ఆదివారం ఆలస్యంగా లేవడానికి కూడా అది వీలని ఆయన అన్నాడు! మనది అందుకు ఎదురు. మనం అందరికంటే ముందు లేచినవారము గనుక మనకు ఆ వేళకు ఆకలి. దుబాయిలో ఇది శుక్రవారపు విందుగా పేరు పొందింది. 2022 జనవరి నుండి అక్కడి సెలవులు శని ఆదివారాలకు మారాయి.

పొలం పనులు చేసే మన ఇండ్లకు ఈ వేళ కొత్తది కాదు. పొద్దుగాల చాయ్ తాగి పొలానికి పోయి, పొద్దెక్కినాక గట్టు మీద సద్ది మూట విప్పుకొని తినడం మనవారికి తాతల నాటి అలవాటు. సద్ది అంటే ముందు రాత్రి సిద్ధపరచుకున్నదే గదా! రాత్రి సిద్ధం చేసి పొద్దెక్కినాక తినే ఈ రొట్టె కూడా ఒక తియ్యని సద్ది అనుకోండి.

రొట్టె, పాలు, గుడ్లు కలిపి కాల్చే ఈ వంటకాన్ని అమెరికాలో 'క్యాసరోల్' అంటారు. మన ఇండ్లలో క్యాసరోల్ అంటే చపాతీలు వేడిగా ఉంచే డబ్బా. అక్కడ మాత్రం వెడల్పుగా, లోతుగా ఉండి ఓవెనులో పెట్టే గిన్నెను, అందులో వండిన వంటను కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంగ్లాండులో దీనికి దగ్గరి చుట్టం బ్రెడ్ పుడ్డింగు. మిగిలిపోయి గట్టిపడిన రొట్టెను పారవేయకుండా తినడానికి బీద ఇండ్లవారు కనిపెట్టుకున్న వంట అది. మన హైదరాబాదులో దీని చుట్టం డబల్ కా మీఠా. అందులో రొట్టెను నేతిలో వేయించి పాకంలో, పాలలో నానబెడతారు. మనం చేసేదానిలో నూనె, నెయ్యి తక్కువ, గుడ్ల బలం ఎక్కువ. నలుబది దినాలు మాంసం మాని ఉపవాసమున్న కడుపుకు, పండుగ నాడు మొట్టమొదట నూనె పూరీలు, మాంసం వేయడం కంటె ఇది మేలు.

కావలసినవి (8 మందికి)

డబల్ రొట్టె – పెద్దది 1 (400 గ్రాములు), ఒకరోజు ముందుదైతే మంచిది
పాలు – ముప్పావు లీటరు
కోడిగుడ్లు – 6
చక్కెర – 200 గ్రాములు
నెయ్యి – 3 చెంచాలు
ఇలాయచి – 5
కిస్మిస్, జీడిపప్పు – ఒక్కొక్క గుప్పెడు
అరటిపండ్లు – 2
ఉప్పు – చిటికెడు

మూడు లీటర్లు పట్టే వెడల్పాటి స్టీలు లేక అల్యూమినియం గిన్నె ఒకటి, అది లోపల కూర్చునేంత పెద్ద గంజు ఒకటి, దానికి బిగుతైన మూత, శుభ్రంగా కడిగి ఎండబెట్టిన ఇసుక కూడా కావాలి.

శనివారం సాయంత్రం

1. రొట్టె ముక్కలను ఒక్కొక్కటి నాలుగుగా కోయండి. పెనం మీద రెండు చెంచాల నెయ్యి కొద్దికొద్దిగా వేస్తూ, సన్నని మంట మీద ఎర్రగా కాల్చండి. చల్లారిన తర్వాత మూత గట్టి డబ్బాలో పోయండి. రొట్టె ఇలా ఎండితేనే పాలు బాగా పీల్చుకొని, ముద్ద కాకుండా ఉంటుంది.

2. గిన్నెలో 50 గ్రాముల చక్కెర, ఒక చెంచా నీళ్లు వేసి పొయ్యి మీద పెట్టండి. చక్కెర కరిగి తేనె రంగుకు రాగానే దించి, గిన్నెను పట్టకారతో అటూ ఇటూ వంచితే పాకం అడుగంతా పరుచుకొని గట్టిపడుతుంది. ఈ పాకం చేతికి తగిలితే తీవ్రంగా కాలుతుంది. పిల్లలను దూరంగా ఉంచండి. చల్లారిన తర్వాత గిన్నె అంచులకు మిగిలిన నెయ్యి పూసి, మూత పెట్టి, చీమలు పట్టకుండా నీళ్లు పోసిన పళ్లెంలో ఉంచండి.

3. మిగిలిన చక్కెరలో ఇలాయచి పొడి, ఉప్పు కలిపి ఒక డబ్బాలో పోయండి. కిస్మిస్, జీడిపప్పు ఏరి పెట్టుకోండి.

4. గుడ్లను నీళ్లలో వేసి చూడండి. మునిగినవి మంచివి, తేలినవి పాతవి. వాటిని తీసివేయండి.

5. పెద్ద గంజులో రెండంగుళాల మందం ఇసుక పోసి, మధ్యలో ఇనుప రింగు గానీ, చిన్న గిన్నె బోర్లించి గానీ పెట్టి, పొయ్యి మీద సిద్ధంగా ఉంచండి.

ఇదంతా కలిపి గంట సేపటి పని. తర్వాత కుటుంబ ప్రార్థన చేసుకొని అందరూ త్వరగా పడుకోవచ్చు.

ఒక ముఖ్యమైన హెచ్చరిక

దుబాయి హోటల్లో పాలు, గుడ్లు కలిపి రాత్రంతా నానబెట్టేవారు గదా అని మీరు అలా చేయవద్దు. వారు నానబెట్టింది చల్లని ఫ్రిజ్‌లో. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ఇండ్లలో రాత్రి కూడా వేడి తగ్గదు. పచ్చి గుడ్లు కలిపిన పాలు ఆ వేడిలో ఉంటే చెడిపోతాయి. తిన్న పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. రాత్రే వండి బయట ఉంచడం కూడా ఈ కారణం చేతనే మంచిది కాదు.

ఫ్రిజ్ ఉన్నవారు మాత్రం కాచి చల్లార్చిన పాలతో అన్నీ కలిపి, రొట్టె మీద పోసి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. కానీ రాత్రి కరెంటు ఎక్కువసేపు పోతే దాన్ని నమ్మవద్దు. ఫ్రిజ్ లేనివారు పైన చెప్పినట్టు పొడి పనులన్నీ రాత్రి ముగించి, పాలు, గుడ్లు ఆదివారం ఉదయమే కలపాలి. అందుకు పావుగంట కంటె ఎక్కువ పట్టదు.

ఆదివారం, ఆరాధన నుండి వచ్చిన తర్వాత

1. ఒకరు పొయ్యి వెలిగించి ఇసుక గంజు మీద మూత పెట్టి 15 నిమిషాలు వేడి చేయాలి. ఇంకొకరు అప్పుడే వచ్చిన పాలు కాచి, వేలు పెడితే ఓర్చుకునేంత గోరువెచ్చగా చల్లార్చాలి. పాలు సలసల కాగుతుండగా గుడ్లు కలిపితే, గుడ్డు ముక్కలు ముక్కలుగా ఉడికిపోతుంది.

2. గుడ్లను ఒక్కొక్కటిగా చిన్న గిన్నెలో పగులగొట్టి, వాసన చూసి, పెద్ద గిన్నెలో వేయండి. అన్నీ ఒకేసారి పగులగొడితే ఒక చెడ్డ గుడ్డు మిగిలిన అయిదింటిని పాడు చేస్తుంది. వాటిలో డబ్బాలోని చక్కెర వేసి బాగా గిలకొట్టి, పాలు పోసి కలపండి.

3. పాకం గిన్నెలో సగం రొట్టె పరచండి. దాని మీద అరటిపండు ముక్కలు, కిస్మిస్, జీడిపప్పు చల్లండి. మిగిలిన రొట్టె పరచి, పాల మిశ్రమం మెల్లగా పోయండి. గరిటెతో పైన అదిమి పది నిమిషాలు నాననివ్వండి. గిన్నెలో పైన రెండంగుళాలు ఖాళీ ఉండాలి. ఉడికేటప్పుడు అది పొంగుతుంది.

4. గిన్నెను ఇసుక గంజులోని రింగు మీద పెట్టి, మూత మూసి, మంట సన్నగా చేయండి. 45 నిమిషాల నుండి గంట లోపల ఉడుకుతుంది. ఊరికే మూత తీసి చూడవద్దు. 45 నిమిషాలకు శుభ్రమైన పుల్ల మధ్యలో గుచ్చి చూస్తే, పచ్చి పాలు అంటకుండా రావాలి.

5. కట్టెల పొయ్యి ఉన్నవారు చివరి పది నిమిషాలు మూత మీద నిప్పులు పరిస్తే పైభాగం కూడా ఎర్రగా కాలుతుంది. గ్యాసు మీద చేసేవారు దించి 15 నిమిషాలు ఆగి, కత్తితో అంచులు విడదీసి, పళ్లెంలోకి బోర్లించండి. అడుగున ఉన్న తేనె రంగు పాకం పైకి వచ్చి చూడ ముచ్చటగా ఉంటుంది.

ఓవెను ఉన్నవారు 180 డిగ్రీల వేడిలో 40–45 నిమిషాలు ఉంచితే చాలు. ఫ్రిజ్‌లో నుండి తీసిన గాజు గిన్నెను వెంటనే వేడి ఓవెనులో పెడితే పగులుతుంది. అరగంట బయట ఉంచి పెట్టండి. చక్కెరకు బదులు బెల్లం వాడదలచినవారు దానిని వేడి పాలలో వేయవద్దు, పాలు విరుగుతాయి. కొద్ది నీళ్లలో కరిగించి, వడగట్టి, చల్లార్చి గుడ్లలో కలపండి. చక్కెర జబ్బు ఉన్న పెద్దవారికి చిన్న ముక్క మాత్రమే ఇచ్చి, పక్కన ఉడికించిన గుడ్డు పెట్టండి.

ఎవరి పని ఎవరిది?

ఇప్పుడు ఆ చెల్లి అడగని ప్రశ్నకు వద్దాం. ఈ వంటలో పనులన్నీ మళ్లీ ఒక్క తల్లి మీదనే పడితే, పూరీలకూ దీనికీ భేదం లేదు. నేను చెప్పే మాట ఇది. శనివారం సాయంత్రం రొట్టె కోసేది పిల్లలు. ఇలాయచి దంచేది, కిస్మిస్ ఏరేది అత్తమ్మ. ఇసుక కడిగి గంజు సిద్ధం చేసేది మగపిల్లలు. ఆదివారం ఉదయం పాలు కాచి, గుడ్లు కలిపి, గిన్నెను గంజులో పెట్టేది ఇంటి యజమాని. దుబాయిలో వందల మందికి వండి పెట్టిన చెయ్యి, స్వంత ఇంట్లో భార్యాపిల్లలకు ఒక్క ఉదయం వండితే తక్కువ కాదు. ఊళ్లోవారు నవ్వుతారేమోనని అన్నకు సందేహం ఉంటే, యోహాను సువార్త 21వ అధ్యాయము చదవమని చెప్పండి. రాత్రంతా కష్టపడి అలసి వచ్చిన శిష్యులకు, ఒడ్డున బొగ్గుల నిప్పు మీద చేపలు కాల్చి, రొట్టె సిద్ధపరచి, తినడానికి రమ్మని పిలిచింది ఎవరు? మరణమును జయించి లేచిన ప్రభువే. తిరిగి లేచిన ప్రభువు చేసిన పనిని మన మగవారు చేయడానికి సిగ్గు ఎందుకు?

సమాధి వైపు నడుస్తూ, తమ కొరకు ఆ రాయిని ఎవరు దొర్లిస్తారని ఆ స్త్రీలు ఒకరితో ఒకరు చెప్పుకున్నారని మార్కు సువార్త 16వ అధ్యాయములో ఉంది. వారు పోయి చూసే సరికి ఆ రాయి దొర్లించబడి ఉన్నది. మన వంటగది ముందర ఉన్న రాయి అంత పెద్దదేమీ కాదు. ఇంటివారందరూ కలిసి చెయ్యి వేస్తే దొర్లిపోతుంది.

మీ సంఘంలోని స్త్రీల మైత్రిలో ఈ మాట ఒకసారి ఎత్తండి. మట్టల ఆదివారం నాడే ఎవరింట్లో ఏమి చేస్తారో అనుకుంటే, బాన్సువాడకు పోయేవారు అందరికీ రొట్టెలు ఒకేసారి తీసుకురావచ్చు. ఇంట్లో మంచాన ఉన్న ముసలివారు ఉంటే, వారిని విడిచి ఆ తల్లి రాలేదు. అటువంటి ఇంటికి ఈ ఏడు ఒకరు, వచ్చే ఏడు ఒకరు వంతులు పెట్టుకొని తోడు ఉండండి. ఒంటరిగా ఉన్న విధవరాలి ఇంటికి, క్రీస్తును ఎరుగని పొరుగింటికి ఒక్కొక్క ముక్క పళ్లెంలో పెట్టి పిల్లల చేత పంపండి. ఎందుకు పంపారని వారు అడిగితే, ప్రభువు లేచాడని చెప్పడానికి పిల్లలకు అంతకంటె మంచి సమయం దొరకదు.

నస్రుల్లాబాద్ చెల్లీ, నీ ఉత్తరానికి నా జవాబు ఇదే. రొట్టె శనివారమే కోసి పెట్టుకో. ఆదివారం చీకటితో లేచి, స్నానం చేసి, పిల్లల చెయ్యి పట్టుకొని నీవు కూడా ఆరాధనకు నడువు. ఈసారి ఆ పాటలను కిటికీలో నుండి వినవద్దు, అందరితో నిలబడి పాడు. తిరిగి వచ్చి, బావగారు వండిన తియ్యని రొట్టెను అందరితోపాటు కూర్చొని వేడిగా ఉండగానే తిను. తర్వాత ఎట్లా కుదిరిందో మాకు వ్రాయి.

పునరుత్థానుడైన ప్రభువు మీ గృహములను, మీ వంటగదులను, వాటిలో కష్టపడే చేతులను దీవించును గాక. ఆమెన్.